జేజి అన్న మాట ఎందుకు కొట్టేశావు?

చిరంజీవి అమ్మాయికి ఆశీస్సులు.

నువ్వు పంపిన నోటుబుక్కు పది రోజుల కిందట అందింది. పద్దెనిమిది కవితలనూ రెండేసి సార్లు చదివాను, నాలుగింటిని పైకి చదువుకుని విన్నాను. నువ్వు శుభ్రంగా తిరగరాసిన ప్రతి కాకుండా కొట్టివేతలతో నిండిన చిత్తుప్రతినే పంపడం మంచిదయింది, ఎందుకంటే ఏ కవిత ఎక్కడ పుట్టిందో, ఏ చోట నువ్వు జంకావో రెండూ అందులో కనిపించాయి. మొదటి కవితలో "జేజి" అని రాసి, దాన్ని కొట్టేసి, పైన "వృద్ధురాలు" అని రాశావు. ఆ కవితలోనే మరో చోట "బుడ్డలు" పోయి "వేరుశనగ" వచ్చింది. మీ ఊరి పేరు ముందు ఉండేది, చివరికి వచ్చేసరికి అది "ఒక గ్రామం" అయింది. కారణం కూడా ఉత్తరంలో నువ్వే చెప్పావు. అనంతపురం పల్లె మాటలు తెనాలిలోనో వరంగల్లులోనో చదివేవారికి అందవని, ఊరి తగాదాలు ఊరు దాటితే ఎవరికీ పట్టవని నీకు భయం. చిన్న ఊరి సంగతి పెద్ద కవిత్వం ఎలా అవుతుందని అడిగావు.

ఈ ప్రశ్నకు నా అనుభవం నుంచి జవాబు చెప్పగలను గాని, దాదాపు ఏడు వందల ఏళ్ళ కిందట ఇదే ప్రశ్నతో మథనపడి, ఒక గ్రంథంలో ఒక జవాబు రాసి, ఆ తరువాత తన కావ్యంలో దానికి ఎదురు జవాబు చెప్పిన కవి ఒకరున్నారు. ఇటలీ కవి డాంటే. ఆయన పేరు చెప్పగానే నరకం, మంటలు, దయ్యాలు అనుకుంటారు. నేను ముప్పై ఏళ్ళుగా ఆయన్ను అనువాదాల సాయంతో, పక్కన మూలం పెట్టుకుని చదువుతున్నాను. నాకు ఆ కావ్యంలో అన్నిటికంటే ఎక్కువగా వినిపించేది ఒక ఊరి యాస.

ముందు ఆయన బతుకు సంగతి క్లుప్తంగా చెబుతాను. డాంటే 1265లో ఫ్లోరెన్స్‌లో పుట్టాడు. తొమ్మిదో ఏట బియాట్రిస్ అనే బాలికను చూశాడు. ఆమె మరొకరి భార్య అయింది, 1290లో చనిపోయింది. ఆమె మీద రాసిన పద్యాలను, అవి ఎలా పుట్టాయో చెప్పే వచనంతో కలిపి చిన్న పుస్తకం చేశాడు. మధ్యలో 1289లో కాంపాల్దినో యుద్ధంలో పోరాడాడు. నగర రాజకీయాలలోకి రావాలంటే ఏదో ఒక వృత్తి సంఘంలో సభ్యుడు కావాలి కనుక వైద్యుల, మందుల వర్తకుల సంఘంలో చేరాడు. 1300 జూన్ 15 నుంచి ఆగస్టు 15 వరకు రెండు నెలలు నగరాన్ని పాలించే ఆరుగురు ప్రియర్లలో ఒకడిగా ఉన్నాడు. ఆ రెండు నెలలే ఆయన బతుకును మార్చేశాయి. 1302 జనవరి 27న ప్రత్యర్థి వర్గం ఆయనకు అయిదు వేల ఫ్లోరిన్ల జరిమానా, రెండేళ్ళ బహిష్కారం విధించింది. మార్చి 10న ఆ శిక్షను పెంచి, పట్టుబడితే సజీవంగా కాల్చాలని తీర్పు చెప్పింది. అప్పటి నుంచి చనిపోయేదాకా, అంటే 1321 సెప్టెంబరు వరకు, ఆయన మళ్ళీ సొంత ఊళ్ళో అడుగు పెట్టలేదు.

ప్రవాసం మొదలైన కొత్తలో ఆయన ప్రజల నోట ఉండే భాష గురించి లాటిన్‌లో ఒక గ్రంథం మొదలుపెట్టాడు. లాటిన్‌లో ఎందుకంటే, అది చదవవలసిన పండితులు లాటిన్‌కు తప్ప దేనికీ చెవి ఒగ్గరు కనుక. దాది నోటి నుంచి, వ్యాకరణ సూత్రాలేవీ లేకుండా బిడ్డ నేర్చుకునే భాషే బడిలో నేర్చుకునే భాష కంటే గొప్పదని ఆ గ్రంథం మొదట్లోనే ప్రకటించాడు. ఆనాటికి అది చాలా పెద్ద మాట. కాని కొన్ని పుటలు తిరిగేసరికి ఆయనకూ నీ భయమే పట్టుకుంది. ఇటలీలో కనీసం పద్నాలుగు మాండలికాలున్నాయని లెక్కపెట్టి, ఒక్కొక్కదాన్నే పరీక్షించి, ఒక్కొక్కదాన్నే పక్కన పెట్టాడు. రోమ్ వాళ్ళ మాట అందరికంటే వికారమన్నాడు. తన సొంత టస్కనీ వాళ్ళు తమ మాటే శ్రేష్ఠమనుకోవడం పిచ్చితనమన్నాడు. అన్ని ఊళ్ళలోనూ వాసన తగులుతూ ఏ ఊళ్ళోనూ కాపురం లేని ఒక ఉన్నత భాష కావాలన్నాడు, దాన్ని అడవిలో చిరుతపులిని వెతికినట్టు వెతికాడు. ఉన్నత శైలిలో రాసేవాడు వదిలేయాల్సిన మాటల పట్టిక ఒకటి ఇచ్చి, అందులో మొదట చిన్నపిల్లల మాటలను చేర్చాడు. అమ్మను పిలిచే "మమ్మా", నాన్నను పిలిచే "బబ్బో" ఆ పట్టికలో ఉన్నాయి. నీ జేజికి పట్టిన గతే వాటికీ పట్టింది.

ఆ గ్రంథం రెండో భాగంలో అర్ధాంతరంగా ఆగిపోయింది, మళ్ళీ ఆయన దాని ముఖం చూడలేదు. అప్పటికి కావ్యం పిలిచి ఉంటుందని నేను అనుకుంటాను. నరకం, ప్రాయశ్చిత్త పర్వతం, స్వర్గం గుండా డాంటే తానే సాగించే ప్రయాణం దాని కథ. ఆ కావ్యానికి ఆయన పెట్టిన పేరు "కొమెదీయ" మాత్రమే. "దివ్య" అన్న విశేషణం 1555లో వెనిస్‌లో అచ్చయిన ప్రతితో పేరులో చేరింది. ఆ కావ్యం నడిచేది, ఆయన పిచ్చితనమన్న ఆ టస్కనీ మాటలోనే, అందులోనూ ఫ్లోరెన్స్ మాటలో. నరకం అట్టడుగున మంచు సరస్సును వర్ణించబోతూ, విశ్వపు అడుగును చెప్పడం "మమ్మా, బబ్బో" అని పిలిచే నాలుకకు అయ్యే పని కాదంటాడు. కాదంటూనే ఆ రెండు మాటలనూ ఆ పాదంలో పెట్టాడు, ఆ నాలుకతోనే వర్ణన పూర్తి చేశాడు. మరి కొంత పైకి వెళ్ళాక, ప్రాయశ్చిత్త పర్వతం కొనమీద పదేళ్ళ కిందట చనిపోయిన బియాట్రిస్ ఎదురుపడినప్పుడు, వణుకుతూ, అంతదాకా తనకు దారి చూపిస్తూ వచ్చిన ప్రాచీన లాటిన్ కవి వర్జిల్ వైపు తిరుగుతాడు. ఎలా తిరిగాడు? భయపడిన పసివాడు "మమ్మా" దగ్గరికి పరుగెత్తినట్టు. తిరిగి చూస్తే వర్జిల్ అక్కడ లేడు. ఆ చోట "మమ్మా" తీసి "జనని" అన్న అర్థం వచ్చే లాటిన్ పోకడ మాట పెట్టి ఉంటే, వర్జిల్ లేకపోవడం ఒక సమాచారంగా మిగిలేది. ఇప్పుడది చెయ్యి వదిలేసినట్టు తగులుతుంది. స్వర్గంలో కూడా ఆత్మలు తమ శరీరాలు తిరిగి రావాలని కోరుకుంటుంటే, అది తమ కోసమే కాదు, తమ అమ్మల కోసం కూడా కావచ్చునంటాడు. అక్కడా అదే మాట, మమ్మా.

ఇంత చెప్పాక నీకొక సందేహం రావచ్చు. అయితే కవిత నిండా మాండలికం నింపితే చాలునా? చాలదు. డాంటే లాటిన్ నుంచి తీసుకున్నాడు, పొరుగు మాండలికాల నుంచి తీసుకున్నాడు, చోటు అవసరమైతే కొత్త మాటలు పుట్టించాడు. ప్రొవెన్సాల్ భాషలో రాసిన కవి ఆర్నో దానియేల్ ఎదురైనప్పుడు అతని చేత అతని భాషలోనే ఎనిమిది పాదాలు పలికించాడు. ఏ మాటకు ఎక్కడ చోటుందో చూశాడు, అంతే. ఊరి మాట గనుక ఉంచాలనీ అనుకోలేదు, ఊరి మాట గనుక తీసేయాలనీ అనుకోలేదు.

నరకం పదో సర్గ గురించి కాస్త వివరంగా రాయాలి, ఎందుకంటే నీ ప్రశ్నకు నా దృష్టిలో అసలు జవాబు అక్కడుంది. డాంటే, వర్జిల్ మండుతున్న సమాధుల నడుమ మాట్లాడుకుంటూ నడుస్తుంటారు. ఒక సమాధిలోంచి హఠాత్తుగా గొంతు వినిపిస్తుంది: టస్కనీ వాడా, కాస్త ఆగు, నువ్వు ఏ నేలవాడివో నీ మాటే చెబుతోంది. పిలిచినవాడు ఫరినాతా, ఫ్లోరెన్స్‌లో ఎదుటి పక్షపు నాయకుడు, డాంటే పుట్టకముందే చనిపోయినవాడు. నడుము దాకా నిటారుగా లేచి, నరకాన్నే లెక్కచేయనట్టు నిలబడి, ముందుగా అడిగే ప్రశ్న "నీ పెద్దలెవరు?" అని. మన రచ్చబండ దగ్గర కొత్తవాణ్ణి అడిగే ప్రశ్న కూడా ఇదే కదా. లోకాంతరంలో, నిత్యశిక్షలో ఉండి, ఇద్దరూ ఊరి పాత పగలు తవ్వుకుంటారు. ఎవరిని ఎవరు ఎన్నిసార్లు తరిమారో, ఎవరు తిరిగి వచ్చారో ఒకరి మొహాన ఒకరు లెక్కలు చెప్పుకుంటారు.

ఆ మాటల మధ్యలో పక్కనుంచి మరో తల లేస్తుంది, గడ్డం దాకా మాత్రమే. మోకాళ్ళ మీద లేచి ఉంటాడంటాడు కవి. అతను డాంటే ప్రాణమిత్రుడు గీదో కవల్కాంతి తండ్రి. డాంటే చుట్టూ ఎవరో ఉన్నారేమోనని వెతికి, ఎవరూ లేకపోయేసరికి ఏడుస్తూ అడుగుతాడు: ప్రతిభ వల్లనే నువ్వు ఈ చీకటి చెరలో తిరుగుతున్నావంటే, నా కొడుకేడి? నీతో ఎందుకు రాలేదు? డాంటే జవాబు చెబుతూ గీదో గురించి ఒక క్రియను భూతకాలంలో వాడతాడు. ముసలివాడు ఆ క్రియ దగ్గరే ఆగిపోతాడు. ఏమన్నావు, భూతకాలంలో అన్నావా, వాడు బతికి లేడా, వాడి కళ్ళకు వెలుగు తగలడం లేదా? డాంటే జవాబుకు తడబడతాడు. ఆ ఒక్క తడబాటు చూసి తండ్రి వెనక్కి పడిపోతాడు, మళ్ళీ కనిపించడు.

కావ్యంలో కథ నడిచేది 1300 వసంతంలో. అప్పటికి గీదో బతికే ఉన్నాడు. ఆ వేసవిలో నగరంలో అల్లర్లు ఆపడానికి ప్రియర్లు రెండు వర్గాల నాయకులనూ బహిష్కరించారు. బహిష్కృతులలో గీదో ఒకడు, ప్రియర్లలో డాంటే ఒకడు. ప్రవాసంలో జబ్బుపడి తిరిగి వచ్చిన గీదో ఆ ఆగస్టు చివరిలో చనిపోయాడు. ఇది తెలిసి ఆ సర్గ మళ్ళీ చదివితే "నా కొడుకేడి" అన్న ప్రశ్న ఎవరి గుండెలోంచి వస్తోందో అర్థమవుతుంది. జవాబుకు తడబడిన తప్పుకు నొచ్చుకున్నానని కవి ఒక్క మాట అన్నాడు గాని, ఆ బహిష్కారం గురించి అక్కడ ఒక్క పాదం కూడా రాయలేదు. ఒక తండ్రిని మోకాళ్ళ మీద నిలబెట్టాడు, ఒక క్రియను భూతకాలంలో పెట్టాడు. నీ ఎనిమిదో కవితలో "పశ్చాత్తాపం" అనే మాట మూడుసార్లు వచ్చింది, ఆ కవితలోని అన్నయ్య మాత్రం ఒక్కసారి కూడా మాట్లాడలేదు. ఈ సర్గను దగ్గర పెట్టుకుని దాన్ని మళ్ళీ చూసుకోమని కోరుతున్నాను.

ఫ్లోరెన్స్ లోపలి వర్గపోరు అప్పటికే బయటివారికి పెద్దగా పట్టిన సంగతి కాదు, మనకు అసలే పట్టదు. ఆ సర్గను కదలకుండా చదివించేది ఆ పోరు కాకపోయినా, ఆ పోరును తీసేస్తే ఆ సర్గ నిలబడదు. "ఒక నగరం", "ఒక నాయకుడు", "ఒక తండ్రి" అని రాసి ఉంటే ఆ ముసలివాడు ఎవరికీ తండ్రి అయ్యేవాడు కాదు.

ఆయన పోలికలు కూడా ఇలాగే ఉంటాయి. నరకంలో పాపులు ఈ ఇద్దరినీ కళ్ళు చికిలించి ఎలా చూశారంటే, ముసలి దర్జీ సూది బెజ్జంలోకి చూసినట్టు. మరిగే తారు ఎలా ఉందంటే, వెనిస్ ఓడల కార్ఖానాలో చలికాలం చిల్లుల పడవలకు పూయడానికి కాచే తారులా. జ్వాలలు ఎలా ఉన్నాయంటే, ఎండాకాలం సాయంత్రం గుట్ట మీద సేదతీరుతున్న రైతుకు కింద లోయలో తాను దున్నిన చేల మీద కనిపించే మిణుగురుల్లా. పర్వతం దగ్గర ఆత్మలు ఎలా కదిలాయంటే, దొడ్డిలోంచి గొర్రెలు ఒకటి, రెండు, మూడుగా వచ్చి, ముందుది ఆగితే కారణం తెలియకుండానే మిగిలినవి దాని మీద ఒరిగినట్టు. చూడని లోకాన్ని చూసిన పనిపాటలతో కొలిచాడు. ఎవరూ చూడని చోటును వర్ణించాల్సి వచ్చినప్పుడు ఆయన "వర్ణనాతీతం" అని స్వర్గంలో చాలాచోట్ల అన్నా, ఆ ఒక్క మాటతో తప్పించుకోలేదు. స్వర్గం చివరలో అలా అనక తప్పనప్పుడు కూడా, వృత్తాన్ని చతురస్రంగా మార్చే లెక్క తేలక తల పట్టుకున్న గణితజ్ఞుణ్ణి తెచ్చి కూర్చోబెట్టాడు.

ఇక ఛందస్సు. నువ్వు వచన కవిత రాస్తున్నావు, రాయి. కాని ఆయన కట్టిన కట్టడం ఎలాంటిదో తెలుసుకో. మూడేసి పాదాల చరణాలు, పాదానికి పదకొండు అక్షరాలు. మన పద్యంలో ప్రాస రెండో అక్షరానికి పడితే ఆయనది పాదం చివర పడుతుంది. మొదటి, మూడో పాదాలకు ఒకే అంత్యప్రాస ఉంటుంది, మధ్య పాదపు ప్రాసను తరువాతి చరణం అందుకుంటుంది. మూడు పాయల జడలాగా ప్రతి పాయా కాసేపు లోపలికి పోయి మళ్ళీ పైకి వస్తుంది. ఇటాలియన్ మాటలు మన మాటల్లాగే ఎక్కువగా అచ్చుతో ముగుస్తాయి, తెలుగును ప్రాచ్య ఇటాలియన్ అనడం అందుకే. అందువల్ల అంత్యప్రాసలకు కొరత ఉండదు. కాని కొరత లేకపోవడం వేరు, 14,233 పాదాల పొడుగునా, 100 సర్గలలో, సడలకుండా అల్లడం వేరు. ఆ అల్లికలో ఒక ప్రయోజనం కూడా ఉంది. మధ్యలో ఒక పాదం జారిపోతే ప్రాస తప్పి వెంటనే పట్టుబడుతుంది, కంఠస్థం చేసినవాడికి ఒక చరణం తరువాతి చరణాన్ని లాక్కొస్తుంది.

మొదటి రెండు పాదాలను ఎప్పుడైనా ఇటాలియన్‌లో విను. మన జీవితపు నడిదారిలో, నేను ఒక చీకటి అడవిలో ఉన్నానని తెలుసుకున్నాను, అని అర్థం. జీవితం "మన"ది, దారి తప్పింది "నేను". వాళ్ళ భాషలో "మన", "మా" అన్న తేడా లేదు. తెలుగు చేసేవాడికి ఆ తేడా ఉంది, అక్కడ "మన" అని తీరాలి. ఇలాంటి చిన్న సదుపాయాలు మన భాషలో ఎన్ని ఉన్నాయో నీకు నువ్వే లెక్క తీసుకోవాలి.

ప్రవాసం ఆయన్ను గొప్పవాణ్ణి చేసిందని చాలామంది రాస్తారు. నేను ఆ మాట అనలేను. ఇల్లు పోయినవాడి దుఃఖానికి ఒక పుస్తకాన్ని బదులు ఇచ్చి సరిపెట్టడం నాకు ఇష్టం లేదు. ఆయన మాత్రం అబద్ధం లేకుండా చెప్పుకున్నాడు: ఈ భాష వ్యాపించిన దాదాపు అన్ని ప్రాంతాలలోనూ యాత్రికుడిలా, ఇంచుమించు బిచ్చగాడిలా తిరిగానని. పోగొట్టుకున్న దేశాన్ని భాష ఎల్లలతో కొలిచాడు. స్వర్గంలో ఆయన ముత్తాత తండ్రి కాచగ్విదా చేత రాబోయే బహిష్కారాన్ని ముందే చెప్పిస్తాడు. పరాయివాడి రొట్టె ఎంత ఉప్పన, పరాయివాడి మెట్లు ఎక్కి దిగడం ఎంత కష్టమో నీకే తెలిసివస్తుంది అంటాడు పెద్దాయన. ఫ్లోరెన్స్ వాళ్ళు నేటికీ తమ రొట్టెలో ఉప్పు వేసుకోరు. ఆ చిన్న వంటింటి సంగతి తెలిశాక ఆ పాదం ఇంకెప్పటికీ మామూలు పాదంగా కనిపించదు. పుణేలో గదిలో ఉంటూ, హాస్టల్ భోజనం గురించి నువ్వు రాసిన కవితలో "రుచిలేని అన్నం" అన్నావు. నీకు అక్కడ ఏది రుచించలేదో, మీ ఇంట్లో అది ఎలా ఉంటుందో పేరుపెట్టి చెప్పు.

1315లో ఫ్లోరెన్స్ షరతులతో క్షమాభిక్ష ఇస్తానంది. కొంత సొమ్ము కట్టి, గుడిలో తప్పు ఒప్పుకున్నవాడిలా నిలబడితే ఊళ్ళోకి రావచ్చు. సూర్యుణ్ణీ నక్షత్రాలనూ ఎక్కడినుంచైనా చూడలేనా అని జవాబు రాసి, ఒప్పుకోలేదు. నాలుగేళ్ళ తరువాత బొలోన్యా నుంచి ఒక లాటిన్ పండితుడు, జొవాన్ని దెల్ వెర్జీలియో, పద్యరూపంలో లేఖ పంపాడు. ఇంత గంభీరమైన విషయాన్ని పామరుల భాషలో సంతలో పారేస్తున్నావేమిటి, లాటిన్‌లో రాయి, బొలోన్యాకు వచ్చి కవికిరీటం పెట్టించుకో అని. ఇదీ నీ భయమే, ఈసారి ఒక పెద్దమనిషి నోట. డాంటే చక్కని లాటిన్ పద్యంలోనే జవాబిచ్చాడు, తనకు లాటిన్ రాక కాదని తెలిసేలా. కిరీటం పెట్టుకుంటే తన ఊరి నది ఆర్నో ఒడ్డునే అన్నాడు. కావ్యంలో కూడా, ఇన్నేళ్ళుగా తనను చిక్కిపోయేలా చేసిన ఈ రచన ఎప్పటికైనా పగను గెలిస్తే, తనకు జ్ఞానస్నానం చేయించిన తొట్టి దగ్గరే కిరీటం అందుకుంటానని రాసుకున్నాడు. ఆ రోజు రాలేదు. వెనిస్‌కు రాయబారం వెళ్ళి తిరిగి వస్తూ జ్వరం తగిలి, రవెన్నాలో కన్నుమూశాడు. సమాధి నేటికీ అక్కడే ఉంది. ఫ్లోరెన్స్ చాలాసార్లు ఎముకలు అడిగింది, రవెన్నా ఇవ్వలేదు. ఏటా ఆ సమాధి దగ్గర దీపానికి నూనె ఫ్లోరెన్స్ నుంచి వెళుతుంది. శిక్షను ఆ నగర మండలి 2008లో గాని రద్దు చేయలేదు.

ఆయన చేతిరాతలో ఒక్క పాదం కూడా మిగలలేదు. కావ్యం మిగిలింది ఇతరుల చేతుల వల్ల. తరువాతి తరం కథకుడు బొకాచియో దాన్ని తన చేతితో మూడుసార్లు ఎత్తి రాశాడు, 1373లో ఫ్లోరెన్స్ నగరమే డబ్బిచ్చి ఆయన చేత ఒక చర్చిలో జనానికి దాన్ని వివరింపజేసింది. తరువాతి శతాబ్దాలలో నిందలూ వచ్చాయి. 1525లో పియెత్రో బెంబో అనే గొప్ప భాషావేత్త, కవిత్వానికి డాంటే తరువాతి తరం కవి పెట్రార్క్‌ను ఆదర్శంగా నిలిపి, డాంటే మోటు మాటలు వాడాడని తప్పుపట్టాడు. కాని ఈనాటి ఇటాలియన్ భాషకు తండ్రి ఎవరని అడిగితే ఇటలీలో చెప్పే పేరు డాంటేదే. మన దేశం నుంచి కూడా ఒక నమస్కారం ఆయనకు వెళ్ళింది. ఇంగ్లీషులో పేరు తెచ్చుకోవాలని బయలుదేరి చివరికి తల్లిభాషకు తిరిగి వచ్చిన బెంగాలీ కవి మైకేల్ మధుసూదన్ దత్తు, 1865లో డాంటే ఆరు వందలవ జయంతికి ఫ్రాన్సు నుంచి బెంగాలీలోనే సానెట్ రాసి ఇటలీ రాజుకు పంపాడు.

మరొక్క సంగతి చెప్పకుండా ఉండలేను. 1944లో నాజీల ఆష్విట్జ్ నిర్బంధ శిబిరంలో ప్రీమో లేవి అనే ఇటాలియన్ యువకుడు, సూప్ గంగాళం తేవడానికి తోటి ఖైదీతో నడుస్తూ, అతనికి ఇటాలియన్ నేర్పాలని డాంటే కావ్యంలో గ్రీకు వీరుడు యులిసీస్ కథ వచ్చే సర్గను జ్ఞాపకం నుంచి చెప్పడం మొదలుపెట్టాడు. మీరు పశువుల్లా బతకడానికి పుట్టలేదని ఓడ మనుషులతో యులిసీస్ అనే పాదాలు దొరికాయి. మధ్యలో కొన్ని పాదాలు దొరకలేదు. ఆ ఆకలిలో, ఆ మరచిన పాదాలు కలుపుకోగలిగితే ఆ రోజు సూప్‌నైనా ఇచ్చేస్తాననుకున్నాడు. ఫ్లోరెన్స్ యాసలో రాసిన పాదాలవి.

నీ నోటుబుక్కును పోస్టులో తిరిగి పంపుతున్నాను. పదకొండో కవితను కదపవద్దు, అది పూర్తయింది. అయిదో కవితను, తొమ్మిదో కవితను ఇప్పట్లో ముట్టుకోకు. బియాట్రిస్ గురించి ఇంకా యోగ్యంగా రాయగలిగేదాకా ఏమీ రాయనని డాంటే ఆ చిన్న పుస్తకం చివర చెప్పి, ఆ మాట చెల్లించుకోవడానికి పాతికేళ్ళకు పైగా తీసుకున్నాడు. నీకు అంత అవసరం ఉండదు, ఒక్క వేసవి ఆగు. మొదటి కవితలో "జేజి"ని, "బుడ్డలు"ను, ఊరి పేరును నేనే పెన్సిలుతో తిరిగి రాశాను. నచ్చకపోతే చెరిపేసుకో. మూడో కవిత ఏడో పాదంలో మాత్రం నువ్వు సిరాతో గట్టిగా దిద్ది కొట్టేసిన మాట ఒకటుంది. దీపం దగ్గర పెట్టి చూసినా మొదటి అక్షరం "గ" అన్నంతవరకే తెలిసింది. దాని మీద నువ్వు రాసిన "నిశ్శబ్దం" అక్కడ అతకడం లేదు. కింద ఉన్న ఆ మాట ఏమిటో నాకు రాయి.